ఉద్దికి చేరిన ఆట

మెదక్ పట్టణంలో ఒకవైపు కాకతీయుల కాలంనాటి దుర్గం నిలిచిన కొండ ఉన్నది. మరొకవైపు 1924లో ఆరాధనకు తెరచిన చర్చి గోపురం 175 అడుగుల ఎత్తున కనిపిస్తుంది. ఈ రెండింటికీ నడుమ ఉన్న ఒక పాత వీధిలో, సాయంకాలం వేళ, ఒక వృద్ధుడు ఇంటి అరుగుమీద కూర్చుండి చింతగింజలను జరుపుతూ ఉంటారు. తెలియనివారికి అది పొద్దుపోని ముసలివారి ఆటగా తోచవచ్చు. ఆయన ముందు సుద్దముక్కతో గీసిన రెండు వలయాలుంటాయి. లోపలి వలయంమీద ఎనిమిది చింతగింజలు, వెలుపలి వలయంమీద ఎనిమిది గవ్వలు. ఒక గవ్వను జరిపి కొంతసేపు ఆలోచిస్తారు. మరల దానిని యథాస్థానానికి తెస్తారు. ఆ పదహారు కాయలు ఆయన కోలాట బృందంలోని పదహారుమంది మనుషులు. మోకాళ్ళ నొప్పుల వలన ఆటకు దిగలేని నాటినుండి ఆయన తన ఆటనంతటినీ ఆ అరుగుమీదనే ఆడుతున్నారు.

కోలాటంలో ఆటగాళ్ళు జంటలుగా నిలుస్తారు. ఎదురుగా నిలిచి కోలలు తాకించే జతగాడిని ఉద్ది అంటారు. అడుగులు, తిరుగుళ్ళు, కోలల దెబ్బలు కలిసిన ఒక్కొక్క కూర్పును కోపు అంటారు. పాట ఎత్తుకొని, తాళం చూపి, కోపు మారవలసిన క్షణంలో ఈల ఊది బృందాన్ని నడిపించేవాడు బృందనాయకుడు. అతని కేక ఒక్క మాత్ర ఆలస్యమైతే పదహారుమంది అడుగులూ తడబడతాయి. ఆడేవారు తమ ఎదుటివానిని మాత్రమే చూస్తారు. ఆటనంతటినీ చూడగలిగినవాడు అతడొక్కడే.

ఇది నేటి ఆట కాదు. కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతియైన జాయపసేనాని 13వ శతాబ్దం నడుమ రచించిన ‘నృత్తరత్నావళి’ అనే సంస్కృత గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి నాలుగింటిలో మార్గ సంప్రదాయాన్ని, తరువాతి నాలుగింటిలో దేశి సంప్రదాయాన్ని ఆయన వివరించారు. ఆ దేశినృత్తాలలో కోలలు ధరించి ఆడే దండరాసకం ఒకటి. ఒక సేనాని జనపదాల ఆటపాటలకు శాస్త్రగౌరవం కల్పించడం మన సాహిత్యచరిత్రలో చెప్పుకోదగిన విశేషం. అయినా శాస్త్రం లక్షణాన్ని చెప్పగలదు గాని, ఫలానా ఊరిలో ఫలానా పాటకు ఏ కోపు తరువాత ఏ కోపు రావాలో చెప్పదు. అది నాయకుని జ్ఞాపకంలో ఉంటుంది. అతనితోనే పోతుంది కూడా.

ఈ వృద్ధుని మనుమరాలికి ఆ భయమే కలిగింది. హైదరాబాదులో కంప్యూటర్ సైన్సు చదువుతున్న ఆ అమ్మాయి దసరా సెలవులకు వచ్చినప్పుడు తాతగారి నోటుపుస్తకాన్ని చూచింది. అందులో గీతలు, సున్నలు, బాణపు గుర్తులు తప్ప వాక్యమన్నది లేదు. కొన్ని పుటలు వానకు తడిసి అలుక్కొనిపోయాయి. ఆయన తప్ప మరొకరు చదవలేని ఆ లిపిని కంప్యూటరులోకి ఎక్కించాలని ఆమె సంకల్పించింది. ఇటువంటి పని లోకంలో మరెవరైనా చేశారా అని వెదకగా, ఆమెకు అమెరికాలోని ఒక నృత్యాన్ని గురించి తెలిసింది.

దానిని స్క్వేర్ డాన్స్ అంటారు. నాలుగు జంటలు ఒక చతురస్రానికి నాలుగువైపులా నిలుస్తాయి. వేదికమీద ‘కాలర్’ అనే నాయకుడు ఉంటాడు. అతడు సంగీతానికి అనుగుణంగా పిలుపులు పలుకుతూ ఉంటే ఆ ఎనిమిదిమంది వెంటవెంటనే ఆ కదలికలు చేస్తారు. పిలుపుల అర్థం వారికి ముందే నేర్పి ఉంటారు. తరువాత రాబోయే పిలుపు ఏదో మాత్రం తెలియదు. గ్రామీణుల వినోదంగా ఉండిన ఈ నృత్యాన్ని 1920ల దశకంలో కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ తిరిగి ప్రచారంలోకి తెచ్చాడు. లాయిడ్ షా అనే విద్యావేత్త 1939లో ‘కౌబాయ్ డాన్సెస్’ అనే పుస్తకం ప్రకటించి పాఠశాలలలోకి తీసుకొనిపోయాడు. 1974లో మొదటి మహాసభ జరుపుకొన్న ‘కాలర్‌ల్యాబ్’ అనే నాయకుల సంఘం పిలుపులకు స్థిరమైన నిర్వచనాలను ఏర్పరచింది. నేడు జపానులోను, జర్మనీలోను ఆడేవారు కూడా అవే ఆంగ్లపు పిలుపులకు అడుగులు వేస్తారు.

కాలర్‌కు ఉన్న పెద్ద చిక్కు ఆటను ముగించడంలో ఉన్నది. ఎనిమిదిమంది ఎనిమిది చోట్ల నిలిచే విధాలు 40,320. కదలికలలో సౌష్ఠవం పాటించడం వలన ఈ సంఖ్య చాలా తగ్గినా, మనసులో ఉంచుకొనడం సులభం కాదు. పది పన్నెండు పిలుపులు పలికేసరికి జంటలన్నీ విడిపోయి కలగలిసిపోతాయి. అప్పుడు మరికొన్ని పిలుపులతో ప్రతివారినీ తమ జతగాని వద్దకు, తమ స్థానానికి చేర్చాలి. అట్లా చేర్చలేని నాయకుడు ఎంత మధురంగా పాడినా ఆట చెడినట్లే. అందువలన పూర్వం కాలర్లు బల్లమీద బిళ్ళలనో, చిన్న బొమ్మలనో జరిపి చూచుకొని పిలుపుల వరుసను కాగితంమీద వ్రాసుకొనేవారు. చింతగింజలకు బదులు బిళ్ళలు, అంతే భేదం.

కంప్యూటర్లు వచ్చిన తరువాత ఈ బిళ్ళల పనిని సాఫ్ట్‌వేరుకు అప్పగించారు. వాటిలో పేరెన్నికగన్నది విలియం అకర్‌మన్ రూపొందించిన ‘ఎస్‌డీ’. నాయకుడు ఒక పిలుపును ఎక్కించగానే, ఆ పిలుపు పూర్తయిన పిమ్మట ఎవరు ఎక్కడ ఏ దిక్కుకు ముఖం పెట్టి నిలుస్తారో అది తెరమీద చూపుతుంది. ఆ స్థితిలో వీలుకాని పిలుపును ఇస్తే అంగీకరించదు. నచ్చని పిలుపును వెనుకకు తీసుకొనవచ్చు. వరుసలో కొంత భాగాన్ని కత్తిరించి మరొకచోట అతికించవచ్చు. అన్నిటికంటె మించినది, ‘ఇక్కడినుండి ఇంటికి దారి చూపు’ అని కోరితే, అందరినీ జతలకు చేర్చే పిలుపులను వెదకి తెచ్చి ఇవ్వడం. వ్యాసం వ్రాసేవారికి పదాలను దిద్దే సాఫ్ట్‌వేరు ఎట్లాగో, పద్యం వ్రాసేవారికి గణాలను, యతిప్రాసలను పరిశీలించే సాఫ్ట్‌వేరు ఎట్లాగో ఇదీ అట్లాగే. యతి సరిపోయినదని చెబుతుంది; పద్యం బాగున్నదని చెప్పదు.

ఆ సాఫ్ట్‌వేరుకు కోపులు తెలియవు. అందుచేత మనుమరాలు తానే ఒక చిన్న ప్రోగ్రాం వ్రాసింది. లోవలయంలో ఎనిమిదిమంది, వెలివలయంలో ఎనిమిదిమంది. తాతగారు ఒక్కొక్క కోపు చెప్పగా ఆమె ఎక్కించింది. మొదటి నాలుగైదు కోపులు సరిగానే వచ్చాయి. బృందానికి ఎంతో పేరు తెచ్చిన కృష్ణలీలల పాట కోపు వద్దకు వచ్చేసరికి తెరమీద ఎనిమిది జంటలూ ఎర్రబడ్డాయి. చరణం ముగిసినా ఏ ఒక్కరూ తమ ఉద్ది ఎదుట లేరు.

“తాతా, నీ కోపు తప్పని చూపిస్తుంది” అన్నది ఆ పిల్ల.

ఆయన కళ్ళద్దాలు సవరించుకొని తెరను చూచారు. “ఎన్ని చరణాలు ఆడించినవ్ బిడ్డా?” అని అడిగారు.

“ఒక్కటి.”

“ఎనిమిది ఆడియ్యి.”

ఆడించింది. ఎనిమిదవ చరణం చివర తెరమీది జంటలన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి.

కోపులోని కిటుకు ఇది. ప్రతి చరణాంతంలో వెలివలయంవారు ఒక్కొక్క స్థానం ముందుకు జరుగుతారు; లోవలయంవారు నిలిచిన చోటనే తిరుగుతారు. అందువలన చరణానికొక కొత్త జతగాడు ఎదురవుతాడు. ఎనిమిది చరణాలు గడిచేసరికి వెలివలయంలోని ప్రతివాడూ లోవలయంలోని ఎనిమిదిమందితోనూ కోల కలిపి, తిరిగి తన ఉద్దిని చేరుకొంటాడు. అమెరికావారి పాటపిలుపులలో కూడా ఈ పద్ధతే ఉన్నది. నాలుగు జంటల ఆట గనుక నాలుగు ఆవృత్తాలలో స్త్రీలు ఒక్కొక్క కొత్త జతగానితో ఆడి, నాలుగవదాని చివర మొదటి జతగానిని చేరుకొంటారు. సముద్రాల కావలివారు, ఒకరినొకరు ఎన్నడూ చూడనివారు, ఒకే లెక్కకు చేరుకొనడం ఆశ్చర్యం కలిగిస్తుంది. గుండ్రంగా తిరిగే మనుషులకు ఆ లెక్క తప్పదు కాబోలు.

చిక్కు అంతటితో తీరలేదు. 2016 అక్టోబరులో మెదక్ పట్టణం కొత్త జిల్లాకు కేంద్రమైంది. అంతకుముందు జిల్లాకు మెదక్ పేరే ఉన్నా కార్యాలయాలు సంగారెడ్డిలో ఉండేవి. తరువాతి కాలంలో ఒక ఉత్సవ వేదికమీద ఆడవలసిందిగా ఈ బృందానికి పిలుపు వచ్చింది. ఇచ్చిన సమయం ఎనిమిది నిమిషాలు. పాట చరణం ఒక్కింటికి నిమిషమున్నర పడుతుంది. ఎనిమిది చరణాలకు పన్నెండు నిమిషాలు కావాలి. ఐదు చరణాలు పాడి ఆపివేస్తే సరిపోతుందని నిర్వాహకులు సలహా ఇచ్చారు. చూచేవారికి తేడా తెలియదని కూడా అన్నారు. అది నిజమే. వేదిక ముందు కూర్చున్నవారిలో ఎవరి ఉద్ది ఎవరో గుర్తుపెట్టుకొనేవారెవరు?

వృద్ధుడు అంగీకరించలేదు. ఐదు చరణాలకు ఆపితే ప్రతివాడూ తన ఉద్దికి మూడు స్థానాల దూరంలో నిలిచిపోతాడు. “పాట ఆగంగనే ఆట ఆగదు. ఉద్ది ఉద్దికి రావాలె” అని, పోవడమే మానుకొందామన్నారు. బృందంలోని యువకులకు ఆ మాట నచ్చలేదు. ఎంతోకాలానికి వచ్చిన అవకాశం అది. కొందరు కొత్త దుస్తులు కూడా కుట్టించుకొన్నారు. ఆయన లేకుండా పోదామని ఒకరిద్దరు గొణిగిన సంగతి కూడా ఆయన చెవిన పడింది. ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదని ఇంటివారు చెప్పారు.

మరునాడు మనుమరాలు ఆట వరుసను దిద్దడానికి పూనుకొన్నది. మొదట ఆమెకు తోచిన ఉపాయం సులభమైనది: రెండు చరణాలలో రెండు స్థానాలు ముందుకు, మరి రెండింటిలో రెండు వెనుకకు, ఒక చరణంలో ఉన్నచోటనే. తెర పచ్చబడింది. తాతగారు తల అడ్డంగా ఊపారు. “మిగిలిన ఐదుగురి ముఖం చూసిండా వాడు?” అని అడిగారు. ఆయనకు ఉద్దిని చేరడం ఎంత అవసరమో, దారిలో అందరితోను కోల కలపడం అంతే అవసరం. ఊరిలో ఏడాది పొడుగునా పలకరించుకొననివారు కూడా కోలాటంలో ఎదురుపడితే కోల తాకించక తప్పదు. యంత్రానికి ఆమె ఈ నియమం చెప్పలేదు. చెప్పని నియమాన్ని అది పాటించలేదు.

రెండవసారి ఆమె వలయాన్ని ముందుకే నడిపింది. ఐదు చరణాలు, చరణానికి ఒకటి గాని, రెండు గాని స్థానాలు, మొత్తం ఎనిమిది. కన్నుమూసి తెరిచేలోగా యంత్రం 10 వరుసలను చూపింది. తెలుగు ఛందస్సు చదివిన విద్యార్థికి ఈ లెక్క కొత్త కాదు. ఒక స్థానాన్ని లఘువనుకొని, రెండు స్థానాలను గురువనుకొంటే, ఎనిమిది మాత్రలను ఐదు అక్షరాలలో నింపడమే ఇది. మూడు గురువులు, రెండు లఘువులు ఉండాలి. అవి నిలిచే తీరులు పది. అక్షరాల సంఖ్యకు నియమం లేకపోతే ఎనిమిది మాత్రల ప్రస్తారంలో 34 భేదాలు వస్తాయి. 1, 2, 3, 5, 8, 13, 21, 34 అని పెరిగే ఈ వరుసను విరహాంకుడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు మాత్రాఛందస్సును లెక్కించే సందర్భంలోనే చెప్పారు. ఇటలీ దేశపు ఫిబొనాచీ గ్రంథం వెలువడినది 1202లో. లోకమంతా ఆ వరుసను ఆయన పేరనే పిలుస్తున్నది. అది వేరే ముచ్చట.

పది వరుసలనూ ఆ అమ్మాయి కాగితంమీద వ్రాసి తాతగారి ముందుంచింది. యంత్రం దృష్టిలో పదీ సమానమే. ఆయన చింతగింజలు, గవ్వలు తీసుకొని అరుగుమీద కూర్చున్నారు. రెండు స్థానాలు జరిగేటప్పుడు నడుమనున్న మనిషి విడిచిపోతాడు గదా. అతనితో దారిలోనే ఒక కోల దెబ్బ కలిపి సాగిపోవాలన్నారు. ఆ విధంగా ఐదు చరణాలలో ఐదుగురు ఎదురవుతారు, దారిలో ముగ్గురు తగులుతారు, ఎనిమిదిమందీ వచ్చారు. ఇక ఆ రెండేసి అడుగులు ఎప్పుడు వేయాలి? కోలాటంలో పాట నెమ్మదిగా మొదలై చివరకు వేగమందుకొంటుంది. వేగంలో రెండు స్థానాలు దూకుతూ దారిలో కోల కొట్టబోతే వేళ్ళు పగులుతాయి. కనుక గురువులు మూడూ ముందు, లఘువులు రెండూ చివర. రెండు, రెండు, రెండు, ఒకటి, ఒకటి. పదింటిలో ఆయన వ్రేలు నిలిచినది ఆ ఒక్క వరుస మీదనే. వేళ్ళ నొప్పి ఎరిగిన మనిషి చేయవలసిన ఎంపిక అది. అమెరికాలోని కాలర్లకు కూడా ఈ జాగ్రత్త తెలుసు. ఇప్పుడే కలిపిన చేతినే మరల చాపమనే పిలుపు లెక్కకు సరిపోయినా శరీరానికి ఇబ్బంది. అందుకే మంచి కాలర్ తెరమీద కూర్చిన వరుసను మనుషులతో ఆడించి చూచుకొంటాడు.

ఆ సెలవులలోనే ఆమె జడకోలాటాన్ని కూడా ఎక్కించబోయి విఫలమైంది. ఎత్తైన స్తంభానికి రంగురంగుల తాళ్ళు కట్టి, ఒక చేత తాడు, మరొక చేత కోల పట్టుకొని ఎదురెదురుగా తిరుగుతూ ఆడే ఆట అది. ఒకరి తాడు క్రిందుగా, మరొకరి తాడు మీదుగా పోగా పోగా తాళ్ళు జడవలె అల్లుకొంటాయి. ఆటగాళ్ళందరూ తమ స్థానాలను చేరుకోగానే ప్రోగ్రాం ఎప్పటివలె పచ్చరంగు చూపింది. స్తంభంమీద జడ మాత్రం అట్లాగే ఉన్నది! మనుషులు ఇంటికి వచ్చినా తాళ్ళు రాలేదు. ఎవరు ఎక్కడ ఉన్నారన్నది మాత్రమే ఆమె ప్రోగ్రాముకు తెలుసు. ఏ దారిన వచ్చారన్నది తెలియదు. తాడు ఆ దారిని మరచిపోదు. జడ విడిపోవాలంటే చివరి అడుగును మొదట, మొదటి అడుగును చివర, వెనుకకు వెనుకకు వేసుకొంటూ రావాలి. గణితశాస్త్రంలో అల్లికలను గురించిన సిద్ధాంతాన్ని జర్మనీలో ఎమిల్ ఆర్టిన్ 1925లో నెలకొల్పాడు. జడకోలాటం పెద్దలకు ఆయన పేరు తెలియదు. అయినా వారి ఆటలో సగకాలం అల్లడానికి, సగకాలం విప్పడానికి కేటాయించి ఉండడం చూస్తే, తెలియవలసినది తెలుసునని ఒప్పుకొనవలసిందే. ఆమె ప్రోగ్రామును మొదటినుండి మార్చి, ప్రతి అడుగునూ దాచుకొనేటట్లు వ్రాయవలసివచ్చింది.

ఉత్సవం నాటి రాత్రి బృందం కృష్ణలీలల పాటను ఐదు చరణాలలో ఆడింది. మూడవ చరణం చివర ఒక పిల్లవాడు దారిలో కలపవలసిన కోలను మరచి తడబడ్డాడు. ఎదుటివాడు కోలను ముందుకు చాచి నిలిచి అతనిని అందుకొన్నాడు. వృద్ధుడు వేదిక ప్రక్కన కుర్చీలో కూర్చుండి కళ్ళు మూసుకొనే ఉన్నారు. ఐదవ చరణం ముగిసి, పల్లవి ఎత్తుకొన్న క్షణంలో ఎనిమిది జతల కోలలు ఒకే చప్పుడుగా మ్రోగాయి. అప్పుడు కళ్ళు తెరిచారు.

మరునాటి ఉదయం అరుగుమీద మరల రెండు వలయాలు వెలిశాయి. వచ్చే శివరాత్రికి ఏడుపాయల జాతరలో ఆడే మాట వచ్చిందట. అక్కడ మూడు చరణాలకు మించి వీలుకాకపోవచ్చునట. “మూడిట్ల ఎనిమిది ఎట్ల తెస్తవ్ బిడ్డా?” అని ఆయన మనుమరాలిని కేకవేశారు. ఆమె లోపలినుండి కంప్యూటరు తెచ్చి తెరిచేలోగా, ఆయన మొదటి గవ్వను మూడు స్థానాలు జరిపి, దారిలో తగిలే ఇద్దరిని వ్రేలితో తాకి చూస్తున్నారు.